ఎరువు మాది, చేను వాళ్ళది

కన్నడ సీమలో, సండూరు దగ్గర తారానగర్‌లో మేము కాపురం పెట్టినప్పుడు మాకుండింది ఒక రేకుల ఇల్లు, దాని వెనక వానాకాలం నీళ్ళు పారే వంక దాకా పోయే కొంచెం ఖాళీ జాగా. మా ఆయన గనుల వర్క్‌షాపులో వెల్డరు. నేను అనంతపురం జిల్లాలో ఒక మిషన్ హాస్టల్లో వంట చేసే ఆమె కూతుర్ని. పిల్లల మజ్జిగ కోసమని హాస్టల్ వెనక మా అమ్మ ఆవుల్ని సాకేది. అందుకని నాకు చదువుతో పాటు పేడ ఎత్తడమూ చిన్నప్పుడే వచ్చింది. కాపురానికి వచ్చినాక ఒక జెర్సీ ఆవును కొనుక్కున్నాము. దానికి పెయ్య పుట్టింది, ఆ పెయ్య పెరిగి ఈనింది, ఇంకో ఆవు వచ్చి చేరింది. చూస్తుండగానే ఇంటి వెనక పాక నిండిపోయింది.

అవి కొండల మీద ఇనుపరాయికి గిరాకీ పుట్టిన రోజులు. సండూరు నుంచి యశ్వంతనగర్ దాకా రోడ్డు మీద లారీ వెనక లారీ. లారీలుంటే డ్రైవర్లుంటారు, డ్రైవర్లుంటే టీ హోటళ్ళుంటాయి, హోటళ్ళకు పాలు కావాలి. నేను పాలు మోసుకొని ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. తెల్లారేసరికి హోటలువాళ్ళే క్యాన్లు పట్టుకొని వాకిట్లో నిలబడేవాళ్ళు. మాకు కొదవంతా గడ్డికే. ఊళ్ళోవాళ్ళు ఎద్దుల్ని అమ్మేసి టిప్పర్లు కొన్నారు. కలుపుకు పోయే ఆడవాళ్ళు కలుపు మాని రాయి ఏరడానికి పోయారు. చేన్లు కొన్ని బీడు పడ్డాయి, కొన్ని రాయి కుప్పలు పోసే యార్డులైపోయాయి.

మా పక్క పచ్చిగడ్డి అమ్మే మనిషి ఒక్కాయనే మిగిలాడు. వంక అవతల ఆయన చేను. తాతల కాలం నుంచి ఈడనే ఉన్న తెలుగు రైతు కుటుంబం. ఊరంతా ఆయన్ని పెద్దప్ప అనేవాళ్ళు, మేమూ అట్లే పిలిచాము. ఆయన భార్య మాకు పెద్దమ్మ. వాళ్ళకు ఒక్కడే కొడుకు, టిప్పర్లు తిప్పుతుండేవాడు. పెద్దప్ప బోరు నీళ్ళ కింద జొన్న వేసి, పచ్చిగా కోసి, మోపులు కట్టి అమ్మేవాడు. కొట్టంలో ఒక్క పశువు కూడా లేదు. పెంట లేదు కాబట్టి యూరియా. జొన్న కోసిన చోటే మళ్ళీ జొన్న, మళ్ళీ యూరియా. నాకు ఆయన మొదట్లో గడ్డి అమ్మే మనిషి మాత్రమే. మోపు చిన్నదయిందని నేను, పెద్దదే ఇచ్చానని ఆయన, రోజూ వంక గట్టు మీద వాదులాడుకునేవాళ్ళం.

ఒక ఏడు ముంగారు, అంటే తొలకరి వాన, మొదట్లో మురిపించి వెనక్కి పోయింది. బోరులో నీళ్ళు అడుగంటాయి. జొన్న ఎత్తు పెరగకుండా ముడుచుకొని నిలబడింది. తర్వాత ఉన్నట్టుండి ఒక మంచి వాన కొట్టింది. రెండు పొద్దుల్లో పైరు నల్లటి పచ్చగా లేచింది. నాకు అంత మంచి గడ్డి దొరికి చాలా రోజులైంది. పొద్దున పాలు పిండినాక ఆవులకు కడుపునిండా వేశాను.

ఎండ ఎక్కకముందే పెద్దావు నిలబడిన చోట వణకడం మొదలుపెట్టింది. నోరు తెరిచి రొప్పుతోంది. నేను దగ్గరికి పోయి మెడ నిమిరేలోపల వెనక కాళ్ళు తూలి కూలబడింది. పక్కన పెయ్య కూడా తల వేలాడేసింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను వంక దాటి పరిగెత్తి పెద్దప్ప చేన్లో నిలబడి పిలిచాను. ఆయన కొడవలి పారేసి వచ్చాడు. ఆయన కొడుకు అప్పుడే టిప్పరు ఆపి అన్నానికి ఇంటికి వచ్చి ఉన్నాడు, మోటారుసైకిలు మీద సండూరుకు పోయి పశువుల డాక్టర్ని వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు.

డాక్టరు ఆవు కనురెప్ప తిప్పి చూశాడు, చిగుళ్ళు చూశాడు. సూది గుచ్చి కొంచెం రక్తం తీశాడు. అది ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్ మాదిరి ఉంది. ఆయన సంచిలో నుంచి నీలం మందు తీసి పెయ్యకు నరంలోకి ఎక్కిస్తూనే అడిగాడు.

“గడ్డి ఎవరిది?”

“నాదే సార్,” అన్నాడు పెద్దప్ప.

“యూరియా ఎప్పుడు చల్లినావప్పా?”

“వానకు ముందు చల్లినా. పైరు లేస్తాలేదని మళ్ళీ ఒకతూరి చల్లినా. వానొచ్చినాక జుమ్మని లేసింది సార్.”

“లేస్తుంది. ఎండకు దాహంతో ఉండి, వాన పడంగానే నువ్వు వేసిందంతా ఒక్కసారి తాగేస్తుంది. తాగింది అరిగి సత్తువ కావాలంటే ఎండా, టైమూ కావాలి. నువ్వు అంతలోపలే కోసినావు. అరగని ఉప్పంతా కాండం అడుగున నిలిచిపోయింది. ఆవు కడుపులోకి పోతే అది విషం.” ఆయన గొంతులో కోపం లేదు. తెలిసినదాన్ని మెల్లగా చెప్పే మనిషి ఆయన.

పెయ్య బతికింది. పెద్దావు మాత్రం ఇంజక్షన్ ఎక్కేలోపలే పోయింది. నా కాపురంలోకి వచ్చిన మొదటి ఆవు అది. దాన్ని వంక పక్కన పూడ్చాము. గుంత తవ్వడానికి అందరికన్నా ముందు పార పట్టింది పెద్దప్పే.

మర్నాడు ఆయనా పెద్దమ్మా మా ఇంటికి వచ్చారు. పెద్దప్ప అరుగు మీద కూర్చొని చొక్కా జేబులో చెయ్యి పెట్టబోయాడు. మా ఆయన ఆ చెయ్యి పట్టుకొని ఆపాడు. “కావాలని చేసింది కాదు పెద్దప్పా. అట్లాంటివి మాకొద్దు,” అన్నాడు.

“దుడ్డిచ్చినంత మాత్రాన ఆవొస్తాదా?” అనింది పెద్దమ్మ ఆయన వైపు చూస్తూ. “ఆ పాపకు ఏం కావాల్నో అడుగు.”

నేను అన్నాను, “నాకు యూరియా పడని గడ్డి కావాల పెద్దప్పా. మిగిలిన ఆవుల్ని చూస్తే భయమైతాండాది.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఆ నేల యూరియా లేకుంటే ఇప్పుడు గడ్డి ఇయ్యదు పాపా. ఎద్దులమ్మినప్పటి నుంచి దానికి పెంట మొగమే తెలీదు. యాడ నుంచి తెచ్చేది?”

“మా ఇంటెనక కొండ మాదిరి పడి ఉండాది,” అన్నాను. “ఎవురికియ్యల్లో తెలీక వంకలోకి తోస్తాండాం.”

అందరం ఒకరి మొగాలు ఒకరం చూసుకున్నాము. ముందు నవ్వింది మా ఆయన. నా దగ్గర ఆవులున్నాయి, నేల లేదు. వాళ్ళ దగ్గర నేల ఉంది, ఆవులు లేవు. మధ్యలో ఒక వంక. ఇన్నేళ్ళూ దాన్ని దాటి గడ్డి ఇటు వచ్చింది గాని పేడ అటు పోలేదు. ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ నెలలోనే మా ఆవులు వంక దాటాయి. మా ఆయన వర్క్‌షాపు పాత సామాన్లో దొరికిన పైపులు కొనుక్కొచ్చి, ఆదివారం గుళ్ళో ప్రార్థన అయినాక కూర్చొని వెల్డింగు చేసి పెద్దప్ప చేని మూల పాక నిలబెట్టాడు. నేల మీద బండలు పరిచి, గంజు పారడానికి కాలువ పెట్టాము. ఆవు ఉచ్చను మా పక్క గంజు అంటారు. ఆ కాలువ పోయి పేడ మాగే దిబ్బగుంతలో కలిసేటట్టు చేశాము. ఆ గుంత విషయంలోనే నాకూ పెద్దమ్మకూ మొదటి తగాదా. దిబ్బ మీద నీడ ఎందుకని ఆమె. పందిరి వేయాల్సిందేనని నేను. మా అమ్మ హాస్టల్ వెనక గుంత మీద తాటాకులు కప్పేది. ఎండలో వదిలితే ముక్కులు అదిరే ఘాటు లేస్తుంది. చేనికి పోవాల్సింది ఆ ఘాటులో గాలికి పోతుందని అమ్మ అనేది.

“దిబ్బకు గొడుగు పట్టే ఊరు మీదేనా?” అనింది పెద్దమ్మ. అయినా పందిరికి కొబ్బరి మట్టలు తెచ్చి వేసింది ఆమే. పేడ ఒక వరస, పశువులు తినక వదిలిన చొప్ప ఒక వరస, పైన మట్టి. వారం తిరిగేసరికి గుంత దగ్గర కూర్చొని అన్నం తిన్నా వాసన రాలేదు. ఆ తర్వాత పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ ఆ గుంత చూపించేది.

పంటల సంగతి పెద్దప్ప చూసుకున్నాడు. వాళ్ళ నాయన చేసినట్టు చేద్దామన్నాడు. చేనును మూడు మడులుగా విడగొట్టాడు. ఒకదాంట్లో జొన్న. ఒకదాంట్లో అలసంద, దాని పక్కనే ఉలవ. మూడోదాంట్లో జనుము వేసి, పూతకు రాగానే దున్ని నేలలో కలిపేయడం. మరు ఏడు జొన్న పోయిన చోటికి అలసంద, అలసంద పోయిన చోటికి జనుము, జనుము దున్నిన చోటికి జొన్న. బోరు దగ్గర చిన్న చెక్క నేలలో లూసర్ను గడ్డి వేశాడు. దాన్ని మేము కన్నడంలో మాదిరి కుదురె మసాలె అనేవాళ్ళం. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్ళు కోస్తూ ఉండొచ్చు. ఇదంతా ఆయన ఎక్కడా రాసుకోలేదు. చేతికర్రతో మట్టిలో గీతలు గీసి చూపించాడు, నాకూ మా ఆయనకూ వచ్చేదాకా గీశాడు.

మొదటి ఏడు జొన్న మా అందరి మొగాలూ మాడ్చింది. ఆకు పాలిపోయి పసుపు తిరిగింది. మోకాలు దాటి మొండికేసింది. పెద్దప్ప కొడుకు టిప్పరు దిగి చేని గట్టు మీద నిలబడి, “నాయనా, ఇది జొన్ననా, చీపురు పుల్లలా?” అన్నాడు. పెద్దప్ప నవ్వలేదు. ఇంట్లో గోడవారగా ఒక యూరియా మూట మిగిలి ఉండేది. పొద్దున లేస్తూనే ఆయన దాని వంక చూడటం, పెద్దమ్మ ఆయన వంక చూడటం, ఇదొక తంతు అయిపోయింది. ఒక రోజు ఆయన లేచేసరికి మూట లేదు. పెద్దమ్మ దాన్ని పక్క ఊరి వాళ్ళకు పంపించేసింది. “యాడబోయింది?” అని ఆయన అడిగితే, “రోజూ నువ్వు దాన్నే చూస్తాంటివి. నేను యాడ పోవల్ల?” అనింది. ఆ మాటకు ఆయనకు నవ్వొచ్చింది. ఆ ఏడు మొదటిసారి ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ ఏడు ఆవులను గట్టెక్కించింది అలసంద తీగ, ఉలవ పొట్టు. మా డాక్టరు వ్యవసాయ ఆఫీసు నుంచి ఒక నల్లటి పొడి పొట్లం తెచ్చి ఇచ్చాడు. బెల్లం నీళ్ళు కాచి చల్లార్చి, పొడి కలిపి, అలసంద విత్తనాలకు పట్టించి నీడలో ఆరబెట్టమన్నాడు. దాంట్లో వేళ్ళకు మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని చెప్పాడు. పెద్దప్ప గోనెసంచి మీద విత్తనాలు పరిచి, బెల్లం నీళ్ళు చల్లి, రెండు చేతులతో కలిపాడు. “పెళ్ళికి బూందీ కలిపినట్టుండాది,” అన్నాడు. పెద్దమ్మ నోట్లో రెండు వేసుకోబోయింది, నేను ఆపాను.

అలసంద పూతకొచ్చినప్పుడు ఆయన ఒక మొక్కను మన్నుతో సహా తవ్వి, బకెట్ నీళ్ళలో ముంచి కడిగి నా చేతికి ఇచ్చాడు. వేళ్ళ నిండా కొర్రగింజలంత బుడిపెలు. డాక్టరు చెప్పినట్టు ఒకదాన్ని గోరుతో చిట్లిస్తే లోపల చంటిపిల్ల చిగుళ్ళ మాదిరి గులాబీ రంగు. గులాబీగా ఉంటే పని చేస్తున్నట్టు, తెల్లగా ఉంటే నిద్రపోతున్నట్టు అని డాక్టరు అన్నాడు. గాలిలో ఉన్న సత్తువను ఆ బుడిపెలు నేలకు దింపుతాయట. పెద్దప్ప ఆ మొక్కను అట్లే పట్టుకొని రోడ్డు దాకా నడిచాడు. కొడుకు టిప్పరు వస్తుంటే చెయ్యెత్తి ఆపి, క్యాబిన్ కిటికీలోకి మొక్కను పెట్టాడు. వెనక లారీలన్నీ హారన్లు కొడుతున్నాయి. “చూడప్పా, నీ లారీలు కొండను దించుతాండాయి, ఇది గాలిని దించుతాండాది,” అన్నాడు. కొడుకు మొక్కను చూశాడో లేదో గాని, నాయన మొగం చూసి, “బాగుండాది నాయనా, పక్కకు జరుగు,” అన్నాడు.

రెండో ఏడు మేము అవతలి తప్పు చేశాము. మేమంటే అందరమూ. జనుము దున్నిన నేలలో సత్తువ ఉందని తెలిసీ, ఆశకొద్దీ గుంతలో ఉన్న దిబ్బంతా అక్కడే తోలాము. మాగినదీ మాగనిదీ చూడలేదు. జొన్న మనిషిని మించి పెరిగింది. నలుపు తిరిగిన పచ్చ. ఊరివాళ్ళు వచ్చి చూసి పోయారు. అంతలో ఒక సాయంత్రం గాలీ వానా కొట్టి చేనంతా పడుకోబెట్టింది. పడిపోయిన గడ్డిని వెంటనే కోసి వేద్దామని పెద్దమ్మ అంటే నేను ఆ రంగు చూసి వద్దన్నాను. పెద్దావు పోయిన రోజు గడ్డిదీ అదే రంగు.

రెండు కాడలు గుడ్డలో చుట్టి సండూరుకు బస్సెక్కాను. డాక్టరు కాండాన్ని అడుగు దగ్గర నిలువునా చీల్చి ఒక మందు చుక్క వేశాడు. చీలిక మీద నీలం పాకింది. “యూరియా వేయలేదు గదమ్మా?” అన్నాడు.

“చిటికెడు కూడా లేదు సార్. అంతా దిబ్బ ఎరువే.”

“దిబ్బదైనా మూటదైనా మొక్క తాగేది ఒకటే ఉప్పు. ఎక్కువైతే ఎక్కువే. పూర్తిగా కంకి వచ్చేదాకా ఆగి కోయండి. మొదలు దగ్గర జానెడు వదిలేసి పైది కోయండి. ఒక్కసారి కడుపునిండా వేయొద్దు, ఎండుచొప్పతో కలిపి వేయండి. వేసే ముందు మళ్ళీ ఒక కాడ తెచ్చి చూపించండి.”

అట్లే చేశాము. ఏ ఆవుకూ ఏమీ కాలేదు. ఆ తర్వాత దిబ్బను పంచే పద్ధతి వచ్చింది మాకు. అలసందకూ ఉలవకూ దిబ్బ వద్దు, అవి తమది తాము సంపాదించుకుంటాయి. జొన్నకు బాగా మాగింది మాత్రమే, అదీ వెనక పంట ఏమిటో చూసుకొని. జనుము దున్నిన చోట సగం చాలు. పెద్దప్ప దిబ్బ పిడికిట్లో తీసుకొని పిసికి, చేతికి అంటుకోకపోతేనే చేనికి తోలనిచ్చేవాడు. ఒకోసారి నేను తొందరపడితే, “దాన్ని నిద్రపోనీ పాపా,” అనేవాడు.

మూడో ఏడు నుంచి చేను మా మాట వినింది. పాలు పెరిగాయి. మా చర్చి సంఘంలో కోత పండుగ వచ్చింది. అందరూ తమ ఫలాలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అయినాక వాటిని వేలం వేస్తారు. పెద్దప్ప నాకు జొన్నకంకుల కట్ట ఒకటి, అలసందల మూట ఒకటి ఇచ్చి పంపించాడు. కాసేపటికి ఆయనే పెద్దమ్మతో కలిసి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. వేలం మొదలైంది. తన జొన్నకంకులు ఎత్తి చూపించగానే పెద్దప్ప చెయ్యెత్తి పాడాడు. ఇంకెవరో పైకి పాడారు. ఈయన ఇంకా పైకి పోయాడు. జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

నేను పోయి చెవిలో అడిగాను, “నీ కంకులు నువ్వే కొంటాండావేంది పెద్దప్పా?”

“చేన్లో అన్నిటికన్నా మంచివి కోసిచ్చేసినా పాపా. విత్తనానికి పెట్టుకోవాల్సినవి. ఇంటికి పోయినాక తెలిసింది,” అన్నాడు.

పాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. చివరికి కంకులు ఆయనకే దక్కాయి. ఆయన వాటిని తలపాగాలో చుట్టుకొని పోయాడు.

ఇదంతా సాగుతున్నంత కాలం రోడ్డు మీద లారీలు ఎక్కువవుతూనే ఉన్నాయి. రోడ్డు వార మడిలో గడ్డి ఎర్రగా ఉండేది. ఆకు మీద దుమ్ము పేరుకొని ఆవులు మూతి పెట్టి, తుమ్మి, తిప్పుకునేవి. మోపులు బోరు తొట్టిలో ముంచి కడిగి వేసేదాన్ని. ఒక రోజు పెద్దప్ప కొడుకు రోడ్డుకు నీళ్ళు చల్లే ట్యాంకరు డ్రైవరుతో మాట్లాడి, మా చేని దగ్గరికి రాగానే నీళ్ళు కొంచెం ఇటు కూడా పడేటట్టు చేశాడు. చెప్పి చేయలేదు. పొద్దునపూట గడ్డి తడిసి పచ్చగా కనపడితే మంచు అనుకున్నాము కొన్నాళ్ళు. గట్టు వెంబడి అవిశె మొక్కలు నాటాము. అవి కొంత దుమ్మును ఆపాయి, ఆకు పశువులకు మేతైంది.

ఆ రోడ్డు వార మడి మీద ఒక రాయి వ్యాపారి కన్ను పడింది. యార్డు కోసం బాడుగకు అడిగాడు. కొడుకు ఇద్దామన్నాడు. టిప్పర్లకు పని దొరుకుతుందని అతని ఆలోచన. పెద్దప్ప వద్దన్నాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో మాటలు లేకుండా కొన్నాళ్ళు తిరిగారు. ఆఖరికి పెద్దమ్మ చెప్పింది, “నేల రేపు వానిదే. అదొక్క మడి వాని ఇష్టానికి ఇడిసిపెట్టు. మిగతాది నువ్వు చూసుకో.” పెద్దప్ప ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు పాక వైపు రాలేదు. పచ్చిగడ్డి తగ్గిందని నేను అంటానేమో అనుకున్నాడట. నేనే పోయి, “పాలు పిండేటప్పుడు ఎవురూ మాట్లాడేవాళ్ళు లేక ఆవులు చేపుతాలేవు, రా పెద్దప్పా,” అని పిలుచుకొచ్చాను. అవిశె చెట్లు కొట్టేశారు. ఆ మడి మీద రాయి కుప్పలు లేచాయి. మేము మిగిలిన మడుల్లో తిప్పుకున్నాము. మూడు మడుల లెక్క రెండు మడుల్లో కుదరక రెండేళ్ళు ఇబ్బంది పడ్డాము, బయట చొప్ప కొన్నాము.

తర్వాత కోర్టు ఆర్డరు వచ్చి గనులు ఆగిపోయాయి. రోడ్డు మీద ఇంత చప్పుడు లేకపోవడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎరగను. హోటళ్ళు చాలా మూతపడ్డాయి. పాలు కొనేవాళ్ళు తగ్గితే సండూరు ఇళ్ళకు వేయడం మొదలుపెట్టాము. మా ఆయన వర్క్‌షాపులో పని పోయింది. ఆయన ఇంటి ముందే వెల్డింగు పెట్టుకున్నాడు. పెద్దప్ప కొడుకు టిప్పర్లు చేని గట్టు మీదనే నిలబడ్డాయి. వ్యాపారి రాయి ఎత్తుకొని పోయాడు. మడిలో పొడి మిగిలింది, చక్రాల కింద బిగిసిపోయిన నేల మిగిలింది. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరేది.

ఒక పొద్దున కొడుకు పాక దగ్గరికి వచ్చి కొట్టం గడప మీద కూర్చున్నాడు. “అక్కా, ఆ మడి మళ్ళీ లేస్తాదా?” అన్నాడు.

నాకు తెలీదన్నాను. పాక నీడలో మంచం మీద ఉన్న పెద్దప్ప వైపు చూశాము. అప్పటికే ఆయన మోకాళ్ళు పనిచేయక మంచం మీద ఎక్కువ ఉంటున్నాడు. “నేలను సంపల్లంటే అంత సులువు కాదప్పా,” అన్నాడు. “మొదట ఆ పొడి గీకి తీసెయ్. ఆమేలె లోతుగా చీల్చు. గొర్లోళ్ళను పిలువు.”

కొడుకు మిషను పెట్టి పై పొరంతా గీకించాడు, నేలను అడ్డంగా నిలువుగా చీల్పించాడు. కురుబవాళ్ళు మందలు తోలుకొని పోతుంటే పిలిచి, ఆ మడిలో మంద కట్టించాడు. గొర్రెలు రాత్రిళ్ళు అక్కడ పడుకొని పోయాయి. తర్వాత ఉలవ చల్లితే అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. జనుము వేస్తే జానెడు లేచి పూతకొచ్చేసింది. దున్నేశాడు. మరుసటేడు మళ్ళీ జనుము. ఈసారి మోకాలెత్తు. మళ్ళీ దున్నాడు. మధ్యలో అతనికి విసుగొచ్చి ఒకటి రెండు సార్లు చేను అమ్మేస్తానన్నాడు. అట్లా అన్న రోజు పెద్దమ్మ అతనికి ఇష్టమైన జొన్నరొట్టె, పుండికూర చేసి పెట్టేది. గోంగూరను మా పక్క పుండికూర అంటాము. తిని మళ్ళీ చేనికి పోయేవాడు.

ఆ మడిలో జొన్న వేసిన ఏడు పెద్దప్పను కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయనా కొడుకూ చెరో పక్క ఎత్తి తీసుకొచ్చారు. పైరు ఒకేలా లేదు. కొన్ని చోట్ల నడుమెత్తు, కొన్ని చోట్ల బోసి. పెద్దప్ప అటూ ఇటూ చూసి, బోసి ఉన్న చోట్లు చేతికర్రతో చూపిస్తూ, ఏ చోట ఎన్ని గంపలు వేయాలో కొడుకుకు చెప్పాడు. కొడుకు తలూపుతూ పక్కనే నడిచాడు. ఎండెక్కుతున్నా ఆయన ఇంటికి పోదామనలేదు. ఆ చలికాలంలోనే పోయాడాయన, నిద్రలో, ఏ బాధా లేకుండా. వాళ్ళ పద్ధతిలో చేశారు. మా సంఘం వాళ్ళు కూడా చాలామంది వచ్చి నిలబడ్డారు. వచ్చినవాళ్ళకు మజ్జిగ పోసింది నేనే, మా ఆవులదే.

ఇప్పుడు పాకలో సగం ఆవులు మావి, సగం పెద్దప్ప కొడుకువి. పేడ ఎవరిది ఎంత అని ఎప్పుడూ చూసుకోలేదు. ఒక టిప్పరు అమ్మేశాడు, ఇంకోదాంట్లో దిబ్బ తోలుతున్నాడు. పెద్దమ్మకు కళ్ళు సరిగ్గా కనపడవు. పొద్దున నేను పాలు పిండుతుంటే వచ్చి రాతి మీద కూర్చుంటుంది. ఈ ఏడు ముంగారుకు ముందు కొడుకు బోరు దగ్గర లూసర్ను దున్నేసి పొద్దుతిరుగుడు వేద్దామన్నాడు. నేను జొన్న వేద్దామన్నాను. లూసర్ను దున్నిన చోట జొన్నకు ఏమీ వేయనక్కర్లేదు, అదే లేస్తుంది. ఇద్దరం పాక దగ్గర నిలబడి చాలాసేపు వాదులాడుకున్నాము. పెద్దమ్మ అంతా విని, “సగం సగం వెయ్యండి. పోట్లాడుకునేకి ఇంకో ఏడుకు కొంచెం మిగలల్ల గదా,” అనింది. సగం సగమే వేశాము. వాన బాగానే పడింది.